పంటి కింద రాయి తెలియడం లేదు

ఈసారి చెన్నైలోని పెరంబూరు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడ వయసు 58 ఏళ్ళు. పుట్టిల్లు తెనాలి దగ్గర పల్లెటూరు, పెళ్ళయి మద్రాసు వచ్చి 34 ఏళ్ళయింది. 20 ఏళ్ళుగా ఇంట్లోనే పప్పుచెక్కలు, చేగోడీలు, కారప్పూస, కందిపొడి, కరివేపాకు పొడి చేసి నగరంలోని తెలుగువారి ఇళ్ళకూ, రెండు మూడు దుకాణాలకూ ఇస్తున్నారు. ప్రతి వాయిలోంచీ ఒక చెక్క తీసి, దవడ పళ్ళ మధ్య పెట్టి కొరికి, గుల్లగా వచ్చిందో లేదో తేల్చడం ఆవిడ పద్ధతి. "నా తూకం, నా కొలత అన్నీ నా పళ్ళే" అని రాశారు.

ఆ దవడ పళ్ళు ఒక్కొక్కటిగా పోయాయి. మూడేళ్ళ పాటు వెనక పళ్ళు లేకుండానే, ముందు పళ్ళతో కొరికి చూస్తూ పని నడిపారు. 14 నెలల కిందట కొడుకు డబ్బు పెట్టి ఆరు ఇంప్లాంట్లు (దవడ ఎముకలో స్క్రూలా బిగించి, పైన క్యాపు పన్ను అమర్చేవి) వేయించాడు: కుడివైపు పైన రెండు, కింద రెండు, ఎడమవైపు కింద రెండు. ఎడమ పైన మాత్రం సొంత పళ్ళే ఉన్నాయి. నొప్పి లేదు, వాపు లేదు, గట్టి పదార్థాలు కూడా నమలగలుగుతున్నారు. అయితే కుడివైపు నమిలితే కర్రతో కర్రను తట్టినట్టుగా ఉంటుందనీ, ఎడమవైపు కాస్త నయమనీ అంటున్నారు. రెండు నెలల కిందట కందిపొడిలో ఇసుక పలికిందని పాత ఖాతాదారు ఒకరు డబ్బా వెనక్కి పంపారు. అదే పొడిని ఈవిడ అన్నంలో కలుపుకుని తిన్నారు, ఏమీ తెలియలేదు. కుడివైపు పై క్యాపు అంచు పెచ్చు ఊడిన సంగతి కూడా నాలుకకు గరుకుగా తగిలేదాకా తెలియలేదు. ఈ మధ్య ఉప్పు ఎక్కువ పడుతోందని ఇంట్లో అంటున్నారు. మునక్కాడ పీచు ఇరుక్కుంటే పిన్నీసుతో తీసుకుంటున్నారు. భర్త "అంతా నీ భ్రమ" అంటున్నారు. అంత ఖర్చు పెట్టినవాడు బాధపడతాడని కొడుకుతో చెప్పనే లేదు.

ఇప్పుడు ఎడమ పై దవడ పన్ను ఒకటి లోతుగా పుచ్చింది. రూట్ కెనాల్ చేసి క్యాపు వేయవచ్చు, లేదా పీకి ఇంప్లాంటు పెట్టవచ్చు అని డాక్టరు రెండు దారులు చెప్పి, 15 రోజుల్లో నిర్ణయించుకోమన్నారు. "నరం తీసేశాక అది చచ్చిన పన్నే కదా, ఇంప్లాంటే గట్టిది" అని ఆడపడుచు సలహా. ఆవిడ అడిగినవి మూడు. తనకు జరిగింది మోసమా? ఉన్న ఇంప్లాంట్లు తీయించేస్తే పాత స్పర్శ తిరిగి వస్తుందా? ఈ పంటిని ఏం చేయాలి?

అమ్మా,

ముందుగా, మీది భ్రమ కాదు. మీరు చెబుతున్న తేడాను పరికరాలతో కొలిచి చూశారు, అంకెలు కూడా ఉన్నాయి. పన్ను మన దవడ ఎముకలో గోడకు కొట్టిన మేకులా బిగుసుకుని ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మందాన ఒక నారపొర ఉంటుంది. పన్ను ఆ నారల మీద వేలాడుతూ, కొరికినప్పుడు కొద్దిగా కిందికి దిగి, వదలగానే మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. ఆ దిగుడు మిల్లీమీటరులో వెయ్యో వంతు లెక్కన, అంటే మైక్రాన్లలో, 25 నుంచి 100 దాకా ఉంటుంది. ఆ పొరలోనే ఒత్తిడిని పసిగట్టే నాడీ కొసలు ఉన్నాయి. పంటి మీద ఎంత బరువు పడింది, ఏ పక్కనుంచి పడింది, కింద ఉన్నది మెతుకా రాయా అన్న కబురును మెదడుకు చేరవేసేవి అవే.

ఇంప్లాంటు చుట్టూ ఆ పొర ఉండదు. టైటానియం మీదికి ఎముక నేరుగా పెరిగి పట్టుకుంటుంది. అది కదిలేది మూడు నుంచి ఐదు మైక్రాన్లే. పళ్ళ మధ్య పలుచని రేకులు పెట్టి చేసిన పరీక్షలలో, సొంత పళ్ళు రెండూ ఎదురెదురుగా ఉన్నవారు దాదాపు 20 మైక్రాన్ల మందాన్ని గుర్తుపట్టారు. ఒకటి ఇంప్లాంటు, ఒకటి సొంత పన్ను అయిన చోట అది 50 మైక్రాన్ల దగ్గరికి, రెండూ ఇంప్లాంట్లే అయిన చోట 60 దాటిపోయింది. మీ కుడివైపు కర్రలా, ఎడమవైపు కొంచెం నయంగా ఉండటానికి కారణం ఇదే. ఎడమవైపు మీకు కబురు చెబుతున్నది కింది ఇంప్లాంట్లు కాదు, వాటికి ఎదురుగా పైన ఉన్న మీ సొంత పళ్ళు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, మీ మూడో ప్రశ్నకు దీనితోనే పని పడుతుంది.

మీ వారికి నమ్మకం కలగకపోతే, శుభ్రంగా కడిగిన తల వెంట్రుక ఒకటి ఆయన పళ్ళ మధ్య పెట్టుకుని మెల్లగా నొక్కి చూడమనండి. వెంట్రుక మందం ఉజ్జాయింపుగా 70 మైక్రాన్లు. అన్నంలో వెంట్రుక వస్తే మనిషి వెంటనే ముద్ద ఆపేయడానికి కారణం ఆ నారపొరే. తరువాత అదే పని మీరు కుడి దవడ పళ్ళతో చేసి చూడండి. ఇది వైద్య పరీక్ష కాదు, కానీ ఒకే ఇంట్లో ఇద్దరు మనుషులకు ఒకే వెంట్రుక రెండు రకాలుగా తెలుస్తుందని అర్థమవడానికి ఇది చాలు.

ఇంకో సంగతి కూడా మీ వృత్తికి దగ్గరగా ఉంటుంది. స్వీడన్‌లో పరిశోధకులు మనుషులకు వేరుశెనగ పప్పు ఇచ్చి, దాన్ని ముందు పళ్ళ మధ్య కొన్ని క్షణాలు ఊరికే పట్టుకుని ఆ తరువాత కొరకమన్నారు. సొంత పళ్ళున్నవారు దాన్ని ఒక న్యూటన్ కంటే తక్కువ బలంతో, అంటే అరచేతిలో 100 గ్రాముల బరువు పెట్టుకుంటే తెలిసేదానికన్నా తక్కువ ఒత్తిడితో, సుతారంగా పట్టుకున్నారు. ఇంప్లాంట్ల మీద పళ్ళు కట్టించుకున్నవారు అంతకు కొన్ని రెట్లు ఎక్కువ బలం వాడారు, ఆ బలం కూడా నిలకడగా లేదు. కొరికి ముక్కలు చేయడంలో మాత్రం వారికి ఇబ్బంది లేదు. మీరు రాసిందీ అదే కదా: గట్టి వస్తువు నమలగలుగుతున్నాను కానీ ఎలా నములుతున్నానో తెలియడం లేదు అని. బలం తిరిగి వచ్చింది, సుతారం రాలేదు.

ఇక మోసం మాట. మీరు రాసిన వివరాలను బట్టి పని చెడిపోయిందని నేను అనలేను. 14 నెలలకు నొప్పీ వాపూ లేకుండా ఆరు ఇంప్లాంట్లు నిలిచాయంటే ఎముక వాటిని బాగానే పట్టుకుందని అనుకోవాలి. అయితే నమిలే బలం వస్తుంది, స్పర్శ మాత్రం సొంత పంటిలా ఉండదు అన్న మాటను ముందే మీకు చెప్పి ఉండాల్సింది. ముఖ్యంగా పంటితోనే బతుకుతెరువు నడుపుకునే మనిషికి అది చెప్పకపోవడం లోపమే, దాన్ని నేను చిన్న లోపం అనడం లేదు. మళ్ళీ వెళ్ళినప్పుడు ఈ మాట నిర్మొహమాటంగా అనండి. దానితో పాటు ఏ కంపెనీ ఇంప్లాంటు, ఏ కొలత, ఏ తేదీన పెట్టారు అన్న కాగితం, మొదటి ఎక్స్‌రేలు అడిగి తీసుకోండి. పదేళ్ళ తరువాత ఏ ఊళ్ళో ఏ స్క్రూ వదులైనా, ఆ కాగితం లేకపోతే కొత్త డాక్టరు చీకట్లో తడుముకోవాలి.

తీయించేయడం గురించి మీరు కోపంలో రాశారో, నిజంగా ఆలోచిస్తున్నారో నాకు తెలియదు కనుక వివరంగానే చెబుతాను. స్వీడన్‌కు చెందిన వైద్య పరిశోధకుడు బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ళ ఎముకలో అమర్చిన టైటానియం పరికరాన్ని తిరిగి తీయబోతే అది ఎముకతో ఏకమైపోయి ఊడి రాలేదు. ఇంప్లాంటు పుట్టింది ఆ ఊడిరాకపోవడంలోంచే. 1965లో ఆయన మొదటగా ఇంప్లాంట్లు వేసిన మనిషి 2006లో చనిపోయేదాకా, 40 ఏళ్ళకు పైగా వాటితోనే నమిలాడు. అంత గట్టిగా పట్టుకున్నదాన్ని తీయాలంటే చుట్టూ ఎముకను కూడా కోయాలి. తీశాక అక్కడ గుంట మిగులుతుంది, నారపొర రాదు. అది మీ పళ్ళు పీకిన రోజునే వేళ్ళతో పాటు పోయింది. ఆ తరువాత మిగిలేవి ఖాళీ చిగురో, పెట్టుడు పళ్ళ సెట్టో. సెట్టు బరువంతా చిగురు మీద పడుతుంది కాబట్టి స్పర్శ ఇప్పటికంటే మొద్దుగా ఉంటుంది, నమిలే బలం కూడా బాగా తగ్గుతుంది. క్యాపులు మార్చి మెత్తటి పదార్థంతో వేయించుకోమని ఎవరైనా అంటే, తగిలే చప్పుడు కొంత తగ్గవచ్చు, క్యాపు తొందరగా అరుగుతుంది, మీకు కావలసిన స్పర్శ మాత్రం రాదు.

మరి ఏమీ రాదా అంటే, కొంత వస్తుంది. ఇంప్లాంటు మీద పడిన ఒత్తిడిని ఎముక, దాని పైపొర, దవడ కండరాలు, చెవి దగ్గరి దవడ కీలు, చిగురు కలిసి కొంత పసిగడతాయి. దీన్ని వైద్యులు ఆసియోపర్సెప్షన్ అంటారు. ఇది మొదటి నెలలలో ఎక్కువగా మెరుగవుతుంది, మీకు ఆ దశ చాలావరకు దాటింది. అయినా నమలడం ఒక అలవాటు, అలవాటును దిద్దుకోవచ్చు. స్పర్శ తక్కువైనవారు తెలియకుండానే ఒకే పక్కన గట్టిగా నొక్కి, తొందరగా మింగేస్తారు. చిన్న ముద్ద తీసుకుని, రెండు పక్కలా మార్చుకుంటూ, మెల్లగా నమలడం కొన్ని వారాలు పట్టుబట్టి చేస్తే నియంత్రణ పెరుగుతుంది. వక్కలు, ఐసు ముక్కలు, ఎముకలు కుడివైపు వద్దు. అక్కడ అతి బరువు పడినా ఆపమని చెప్పే కాపలా లేదు, మీ క్యాపు పెచ్చు ఊడిందీ అందుకే.

ఆ పెచ్చును నిర్లక్ష్యం చేయకండి. రంగు కాగితం పెట్టి కొరికించి ఎక్కడ ఎక్కువ తగులుతోందో చూసి సరిచేయమని అడగండి. ఇంప్లాంటు క్యాపును మెల్లగా కొరికినప్పుడు ఒక వెంట్రుక వాసి తేలికగా తగిలేలా, గట్టిగా కొరికినప్పుడే సమంగా తగిలేలా అమర్చడం మామూలు, ఎందుకంటే సొంత పళ్ళు దిగుతాయి, ఇది దిగదు. కాబట్టి మెల్లగా నోరు మూసినప్పుడు కుడి పక్క సరిగా ఆనడం లేదనిపిస్తే క్యాపు ఎత్తు పెంచమని ఒత్తిడి చేయవద్దు. రాత్రి పూట పళ్ళు కొరికే అలవాటు మీకు ఉందేమో మీ వారిని అడగండి. ఉంటే నైట్ గార్డు, అంటే రాత్రి పళ్ళకు పెట్టుకునే తొడుగు, అవసరం. మునక్కాడ పీచు ఇరుక్కోవడానికి కూడా కారణం ఉంటుంది: సొంత పళ్ళు ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా జరుగుతాయి, ఇంప్లాంటు జరగదు, ఆ మధ్య సందు తెరుచుకుంటుంది. క్యాపును మార్చి ఆ సందును పూడ్చవచ్చు, లేదా పళ్ళ సందులో పెట్టే చిన్న బ్రష్షుతో రోజూ శుభ్రం చేసుకుంటూ అలాగే ఉంచుకోవచ్చు. పిన్నీసు మాత్రం ఈ రోజే మానేయండి. ఇంప్లాంటు చుట్టూ చిగురు పట్టు సొంత పంటి చుట్టూ ఉన్నంత గట్టిది కాదు. అక్కడ గాయమై చీము పడితే, నొప్పి లేకుండానే లోపల ఎముక కరుగుతుంది. ఆరు నెలలకొకసారి చూపించుకోవాలనేది ఇందుకే. నొప్పి వచ్చాక వెళదాం అనుకుంటే మీ విషయంలో ఆలస్యమవుతుంది.

కింది పెదవి గానీ గడ్డం గానీ తిమ్మిరిగా ఉందా అన్నది మీరు రాయలేదు. ఉంటే అది వేరే సమస్య, కింది దవడలోని నరానికి సంబంధించినది, వెంటనే చెప్పాలి. నేను పైన చెప్పిన మొద్దుతనం పంటి దగ్గర మాత్రమే ఉంటుంది, పెదవికి పాకదు.

ఉప్పు సంగతిని వీటితో ముడిపెట్టకండి. రుచి తెలిసేది నాలుకకు, అంగిటికి. దవడ పళ్ళ ఇంప్లాంటు వాటి జోలికి వెళ్ళదు. తొందరగా మింగేయడం వల్ల పదార్థం నోట్లో సరిగా విడక, దాని వాసన గొంతు వెనకనుంచి ముక్కుకు చేరక, రుచి చప్పగా అనిపించవచ్చు. అది నిదానంగా నమిలితే సర్దుకుంటుంది. నోరు ఎండుతోందా, కొత్తగా మందులేమైనా మొదలుపెట్టారా చూసుకోండి. చక్కెర వ్యాధికి వాడే మెట్‌ఫార్మిన్, బీపీ మాత్రలలో కొన్ని నోటి రుచిని మారుస్తాయి. ఇది పళ్ళ డాక్టరును కాక మీ మామూలు డాక్టరును అడగవలసిన విషయం. అప్పటిదాకా ఉప్పును నాలుకతో కాక తూకంతో వేయండి.

ఇప్పుడు మీ పని సంగతి. మీ ఉత్తరంలో మీరు దాటుకుంటూ పోయిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. వెనక పళ్ళు లేని ఆ మూడేళ్ళూ ముందు పళ్ళతో కొరికి చూశానని రాశారు. అప్పుడు ఏ డబ్బా అయినా వెనక్కి వచ్చినట్టు రాయలేదు. ఇంప్లాంట్లు వచ్చాక మళ్ళీ పాత అలవాటు కొద్దీ చెక్కను దవడ పళ్ళకు అప్పగించారు. పొరపాటంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. నోట్లో అన్నిటికంటే సున్నితమైన పళ్ళు ముందువే. ఒత్తిడిని పసిగట్టే నాడీ కొసలు వాటి చుట్టూ ఎక్కువ, వెనక్కి వెళ్ళేకొద్దీ తక్కువ. మీ ముందు పళ్ళు మీ సొంతవి. చెక్కలోంచి గోరంత ముక్క విరిచి ముందు పళ్ళతో కొరకండి. నోరు మూసుకుని కొరికితే గుల్లదనపు చప్పుడు ఎముక ద్వారా చెవికి చేరుతుంది. ఆ చప్పుడులో మెత్తబడ్డ చెక్కకూ గుల్ల చెక్కకూ తేడా మీకు నేను చెప్పనక్కరలేదు. పొడిని చిటికెడు తీసుకుని ముందు పళ్ళ మధ్య మెల్లగా నూరండి, ఇసుక ఉంటే పలుకుతుంది. దీనికీ ఒక హద్దు ఉంది. ముందు పళ్ళు నమలడానికి పుట్టినవి కావు, వాయికి ఒక చిన్న ముక్క దాటితే అంచులు అరుగుతాయి, పెచ్చులూడే ప్రమాదమూ ఉంది. ఆర్డర్లు ఎక్కువగా ఉన్న రోజులలో ఇంకొకరి పళ్ళ సాయం తీసుకోవడమే మంచిది.

చివరగా పుచ్చిన పన్ను. మీ ఆడపడుచు గారు మంచికే చెప్పినా, ఆ మాటలో ఒక తప్పు ఉంది, అది చాలామందిలో ఉన్న తప్పే. రూట్ కెనాల్‌లో తీసేది పంటి లోపలి గుజ్జును, అందులోని నరాన్ని. చల్లదనానికి జివ్వుమనడం, పుచ్చు పోటు, ఇవి ఆ నరం పనులు. నమిలేటప్పుడు ఒత్తిడిని చెప్పే నారపొర వేరు బయట ఉంటుంది, దాన్ని ఎవరూ తీయరు. నరం తీసిన పన్ను కూడా వెంట్రుకను పట్టుకోగలదు. పన్నునే పీకేస్తే ఆ పొరా పోతుంది, మీ ఎడమవైపు కూడా ఆ చోట కుడివైపులా అయిపోతుంది.

అంతమాత్రాన రూట్ కెనాలే చేయించుకోండి అని నేను ఆజ్ఞాపించలేను, ఆ పంటి ఎక్స్‌రే నా ముందు లేదు. వేరు నిలువునా చీలి ఉంటే దాన్ని నిలబెట్టడం వృథా. చిగురు పైన గట్టి పన్ను చుట్టూతా కనీసం రెండు మిల్లీమీటర్లు మిగలకపోతే క్యాపుకు పట్టు దొరకదు. చుట్టూ ఎముక బాగా కరిగి పన్ను ఊగుతుంటే అప్పుడూ ఆలోచించాలి. ఈ మూడూ డాక్టరును నేరుగా అడగండి. మూడింటికీ జవాబు బాగుంటే పన్నును కాపాడుకోవడం వైపే నా మొగ్గు. రూట్ కెనాల్ చేసిన పన్ను పెళుసుగా ఉంటుంది, పూర్తి క్యాపు తప్పనిసరి, ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ ఇబ్బంది పెట్టవచ్చు. అప్పుడు పీకి ఇంప్లాంటు పెట్టుకునే దారి సాధారణంగా మూసుకుపోదు. ఈ రోజు పీకేస్తే మాత్రం వెనక్కి వచ్చే దారి లేదు. పీకక తప్పదని తేలితే, పై దవడ వెనక భాగంలో సైనస్ గాలి గది దగ్గరగా ఉంటుంది కాబట్టి ఎముక చాలుతుందా, ఎముక నింపే శస్త్రచికిత్స కూడా కావాలా అన్నది ముందే అడగండి. అటూ ఇటూ ఉన్న పళ్ళ ఆధారంగా బ్రిడ్జి వేయించుకుంటే ఆ పళ్ళ స్పర్శ మిగులుతుంది, కానీ బాగున్న పళ్ళను అరగదీయాలి. ఒకే డాక్టరు మాట మీద మనసు నిలవకపోతే, ఫోర్ట్ రైల్వే స్టేషన్ దగ్గరి ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలో రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. 15 రోజుల గడువు ఉంది కదా.

మీ అబ్బాయితో ఈ విషయం చెప్పాలి. చెప్పకపోతే ఈ పంటి ఖర్చు గురించీ రేపు మీరు నోరు మూసుకునే నిర్ణయిస్తారు. "నువ్వు పెట్టించిన పళ్ళతో నమలగలుగుతున్నాను, అయితే నా పనికి కావలసిన స్పర్శ వాటిలో లేదట, అందుకని ఈ ఒక్క పన్ను ఉంచుకోవాలని ఉంది" అనండి. ఇందులో అతను చేసిన పనికి ఏ నిందా లేదు, అబద్ధమూ లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు డబ్బాలోంచి రెండు పప్పుచెక్కలు కూడా తీసుకెళ్ళండి. ఒకటి ఆ కుర్చీలో కూర్చునే కొరికి నమిలి చూపించండి. మీరు ఏ పక్కకు జరుపుకుంటున్నారో, ఎక్కడ ఎక్కువ నొక్కుతున్నారో ఆయన కళ్ళతో చూసిన తరువాతే రంగు కాగితం పెట్టమనండి.